చార్జింగ్ ఎక్కువసేపు రావడం వేరు, బ్యాటరీ ఎక్కువకాలం మన్నడం వేరు

80 శాతం రాగానే చార్జర్ తీసేయమంటారు ఒకరు. నిండా ఎక్కించకపోతే సాయంత్రానికే ఫోన్ ఆగిపోతుంది, ఆ మాట వినకండి అంటారు ఇంకొకరు. ఫాస్ట్ చార్జింగ్ బ్యాటరీని తినేస్తుందని ఒక వీడియో చెబుతుంది, అదంతా పాతకాలపు భయమని దాని కిందే మరో వీడియో. వీళ్లలో అబద్ధం చెప్పేవాళ్లు తక్కువే. చిక్కల్లా, ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మొదటి ప్రశ్న: ఒకసారి ఎక్కించిన చార్జింగ్ ఎన్ని గంటలు వస్తుంది? రెండోది: ఆ బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది? మొదటిది ఖర్చుకు సంబంధించింది, అంటే తెర, సిగ్నల్, యాప్‌లు. రెండోది అరుగుదలకు సంబంధించింది, అంటే వేడి, వోల్టేజీ, రసాయనాలు. ఒకదానికి మేలు చేసేది రెండోదానికి పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి అడ్డం కూడా పడుతుంది. డార్క్ మోడ్ పెడితే ఈ సాయంత్రానికి కాస్త మిగులుతుంది కానీ బ్యాటరీ ఆయుష్షుకు దానివల్ల వచ్చే తేడా స్వల్పం. 80 దగ్గర ఆపితే ఆయుష్షు పెరుగుతుంది, ఈ సాయంత్రానికి మాత్రం తగ్గుతుంది. అందుకే రెండింటినీ విడదీసి చూడాలి.

ఎంఏహెచ్ అంకె చెప్పేదెంత, దాచేదెంత

5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) అంటే 5 ఆంపియర్ల కరెంటును గంటసేపో, అర ఆంపియర్‌ను పది గంటలసేపో ఇవ్వగలదని అర్థం. ఫోన్ ఖర్చు చేసేది మాత్రం శక్తిని. శక్తి తెలియాలంటే ఆ అంకెను వోల్టేజీతో గుణించాలి. ఫోన్ బ్యాటరీల సగటు వోల్టేజీ ఇప్పుడు 3.85 దగ్గర ఉంటోంది. 5 ఆంపియర్-అవర్లను 3.85తో గుణిస్తే 19.25 వాట్-అవర్లు. అసలు ట్యాంకు కొలత ఇదే.

పవర్ బ్యాంకు విషయంలో చాలామంది మోసపోయామనుకునేది ఇక్కడే. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపాలి కదా అనిపిస్తుంది. దాని లోపలి సెల్ వోల్టేజీ 3.7, కాబట్టి ఉన్నది 37 వాట్-అవర్లు. ఆ వోల్టేజీని 5కో 9కో పెంచి కేబుల్‌లోకి పంపడం, ఫోన్ మళ్లీ దాన్ని తగ్గించుకోవడం, ఈ రెండు చోట్లా కొంత వేడిగా పోతుంది. దారిలో మూడోవంతు పోయిందనుకుంటే ఫోన్‌లోకి చేరేది దాదాపు 25 వాట్-అవర్లు. 19.25తో భాగిస్తే 1.3. అంటే ఒక నిండు చార్జింగ్, దాని మీద మరో మూడోవంతు. ఇందులో మోసమేమీ లేదు, అట్ట మీద వేసే కొలతే అలాంటిది.

ఒక రోజు ఖర్చు లెక్క

అదే 19.25 వాట్-అవర్ల ఫోన్‌ను తీసుకుందాం. అంకెలు ఊహించినవే కానీ వాస్తవానికి దగ్గరవి. తెర వెలిగి ఉండేది రోజుకు 5 గంటలు, అప్పుడు సగటున 2 వాట్ల ఖర్చు: 10 వాట్-అవర్లు. మిగిలిన 19 గంటలు జేబులోనో బల్ల మీదో ఊరికే ఉంటుంది, సగటున 0.1 వాట్: 1.9. మొత్తం 11.9, అంటే ట్యాంకులో 62 శాతం. రాత్రికి ఇంకా మూడోవంతు పైన మిగులుతుంది.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేద్దాం. రోజంతా సిగ్నల్ సరిగా అందని భవనంలో ఉన్నారు. ఊరికే ఉన్నప్పటి ఖర్చు 0.1 నుంచి 0.3 వాట్లకు పెరిగింది. 19 గంటలకు అది 5.7 వాట్-అవర్లు. మొత్తం 15.7, అంటే 82 శాతం. ఫోన్ వాడకం ఒక్క నిమిషం కూడా పెరగలేదు, 20 శాతం మాయమైంది. పైగా ఆ 5 గంటల్లో ఒక గంట ఎండలో, తెర పూర్తి వెలుతురుతో, 4 వాట్ల చొప్పున గడిచిందంటే ఇంకో 2 వాట్-అవర్లు. మొత్తం 92 శాతం.

‘నిన్న రాత్రి దాకా వచ్చింది, ఇవాళ సాయంత్రానికే దిగిపోయింది, బ్యాటరీ పాడైనట్టుంది’ అన్న అనుమానం ఎక్కువగా ఇలాంటి రోజుల్లోనే పుడుతుంది. బ్యాటరీ నిన్నటిదే, మారింది ఖర్చు.

తెర: వెలుతురు, రంగు, వేగం

ఖర్చులో పెద్ద పద్దు సాధారణంగా తెరదే. ఎల్‌సీడీ తెరల్లో వెనక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, బొమ్మ నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా ఖర్చు దాదాపు ఒకటే. ఓఎల్‌ఈడీ తెరల్లో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది, నల్లటి చుక్క ఆరిపోయి ఉంటుంది. డార్క్ మోడ్ ఉపయోగమంతా ఈ రెండో రకానికే.

ఎంత ఉపయోగం అన్నదాని మీదే వాదన. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో కొలిచి చూస్తే, తెర వెలుతురు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల సగటున మిగిలింది 3 నుంచి 9 శాతమే. వెలుతురు పూర్తిగా పెంచినప్పుడు మాత్రం 39 నుంచి 47 శాతం మిగిలింది. గదిలో మసక వెలుతురుతో వాడేవారికి తేడా కనిపించకపోవడం, ఎండలో తిరిగేవారికి బాగా తెలియడం రెండూ నిజమే. వెలుతురు తగ్గించడంతో పోలిస్తే రంగు మార్చడం చిన్న పని.

రిఫ్రెష్ రేటు అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ గీస్తుందన్నది. 120 హెర్ట్జ్‌ను 60కి దించితే మిగులు ఉంటుంది, అదెంతన్నది తెర రకాన్ని బట్టి మారుతుంది. ఖరీదైన ఫోన్లలో వచ్చే ఎల్‌టీపీఓ తెరలు బొమ్మ కదలనప్పుడు తమంతట తామే 1 హెర్ట్జ్ దాకా దిగిపోతాయి. వాటిలో చేత్తో 60కి మార్చి మిగుల్చుకునేది తక్కువ. ఆ సౌకర్యం లేని 120 హెర్ట్జ్ ఫోన్‌లో తేడా బాగానే తెలుస్తుంది.

సిగ్నల్: కంటికి కనపడని ఖర్చు

టవర్ దూరమైన కొద్దీ ఫోన్ గొంతు పెంచి మాట్లాడాలి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్ కింద సిమ్ స్టేటస్‌లో ఈ అంకె కనిపిస్తుంది. మైనస్ 85 బాగున్నట్టు, మైనస్ 115 అంటే అంచున వేలాడుతున్నట్టు. ప్రతి 10 డీబీఎంల తేడా పదింతలు, కాబట్టి ఈ రెంటి మధ్య తేడా వెయ్యింతలు. గీతలు రెండు తగ్గాయని మనం తేలిగ్గా అనుకునేది ఇదే. 4జీలో ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్ల దాకా గాలిలోకి పంపగలదు. ఆ 0.2 వాట్లను పుట్టించడానికి లోపలి యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు లాగుతుంది.

5జీ బ్యాటరీ తాగుతుందన్న మాటకూ మూలం ఇక్కడుంది. చాలాచోట్ల 5జీ నడిచేది 4జీ ఆసరాతో, అంటే ఫోన్ రెండు రేడియోలనూ ఒకేసారి నడుపుతుంది. 5జీ అంచున ఉన్నచోట అది వచ్చిపోతూ ఉంటే వెతుకులాట ఖర్చు అదనం. అలాంటి చోట 4జీకి మారితే నిజంగానే మిగులుతుంది. కానీ 5జీ గట్టిగా అందేచోట పెద్ద ఫైలు త్వరగా దిగిపోతుంది, రేడియో త్వరగా నిద్రపోతుంది, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఏది మేలో చెప్పేది ఆ చోటే. రెండో సిమ్‌కు అసలు సిగ్నలే లేని ప్రాంతంలో ఆ సిమ్‌ను ఆపేస్తే వచ్చే మిగులు మాత్రం అన్ని ఫోన్లలోనూ ఉండేదే, దాన్ని పట్టించుకునేవారే తక్కువ.

రేడియోకు ఇంకో గుణం ఉంది. చిన్న సందేశం వచ్చి వెళ్లాక వెంటనే నిద్రపోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మెలకువగా ఉంటుంది. ఒక్క ఉత్తరం ఇవ్వడానికి లారీ తీసి, ఇచ్చాక కూడా ఇంజన్ ఆపకుండా కాసేపు నిలబెట్టినట్టు. అందుకే నిమిషానికోసారి పిసరంత డేటా తెచ్చే యాప్, ఒకేసారి పెద్ద సినిమా దించుకునే యాప్ కంటే ఎక్కువ ఖర్చు పెట్టించగలదు.

యాప్‌లను తుడిచేస్తే మిగులుతుందా?

రీసెంట్స్ తెరిచి యాప్‌లన్నీ పైకి తోసేయడం చాలామందికి వేళ్లకు పట్టిన అలవాటు. ఆ వరుసలో కనిపించేవన్నీ నడుస్తున్న యాప్‌లు కావు. చాలావాటిని ఫోన్ మెమరీలో గడ్డకట్టించి ఉంచుతుంది, ప్రాసెసర్ వాటికి పనేమీ చేయదు. మెమరీ చిప్ ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా దాన్ని మేల్కొలిపి ఉంచే ఖర్చు ఒకటే. తుడిచేసిన యాప్‌ను పది నిమిషాల్లో మళ్లీ తెరిస్తే అన్నీ మొదటినుంచి లోడ్ చేయాలి, ఖర్చు అక్కడ పెరుగుతుంది. ఇలా మూసేయడం వల్ల బ్యాటరీ మిగలదని 2016లో ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడెరిగీ ఒక వినియోగదారుకు సూటిగా జవాబిచ్చారు కూడా.

అయినా ఆ అలవాటు పూర్తిగా తప్పని కొట్టేయలేం. ఏదో ఒక యాప్ తిక్కపట్టి లొకేషన్ అడుగుతూనే ఉండవచ్చు, ఆగిన వీడియో కాల్ వెనక మైక్ వదలకపోవచ్చు. అలాంటి ఒక్కదాన్ని మూసేస్తే ఫలితం కనిపిస్తుంది. ఏది ఆ ఒక్కటి అన్నది సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ చెబుతుంది. అక్కడ శాతం ఒక్కటే చూస్తే తెలియదు. మూడు గంటలు చూసిన వీడియో యాప్ 25 శాతం తింటే వింత లేదు. తెర మీద 4 నిమిషాలు, వెనక 6 గంటలు అని చూపించే యాప్ దగ్గర ఆగాలి.

2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్, 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన అడాప్టివ్ బ్యాటరీ అనే ఏర్పాట్లు వెనక నడిచే యాప్‌లను కట్టడి చేసే పనిని చాలావరకు తమంతట తామే చేస్తున్నాయి. కొన్ని కంపెనీలు ఇంకా ముందుకెళ్లి వెనక నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా ఆపేస్తాయి. దాంతో చార్జింగ్ మిగులుతుంది, సందేశం గంట ఆలస్యంగా వస్తుంది, కొన్ని అలారం యాప్‌లు మోగవు. బ్యాటరీ సేవర్ యాప్‌లు వేసుకున్నవారి ఇబ్బందీ ఇదే, దానికి తోడు ఆ యాప్ కూడా వెనక నడుస్తూ తన వాటా తాను తింటుంది.

కొత్త అప్‌డేట్ తర్వాత చార్జింగ్ నిలవడం లేదన్న ఫిర్యాదుకూ సగం జవాబు ఇక్కడే ఉంది. అప్‌డేట్ అయ్యాక ఫోన్ యాప్‌లన్నింటినీ కొత్తగా సర్దుకుంటుంది, ఫొటోలను మళ్లీ జల్లెడ పడుతుంది. రెండు మూడు రోజులు ఖర్చు ఎక్కువే ఉంటుంది. వారం దాటినా తగ్గకపోతే అప్పుడు అనుమానించాలి.

లోపల అరుగుదల ఎలా జరుగుతుంది

ఇక రెండో ప్రశ్న. బ్యాటరీ లోపల రాగి రేకు మీద పూసిన గ్రాఫైట్ ఒకవైపు, అల్యూమినియం రేకు మీద పూసిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ రెండోవైపు, మధ్యలో సన్నటి రంధ్రాల ప్లాస్టిక్ పొర, అంతటా తడిసి ఉండే ద్రవం. చార్జింగ్ పెడితే లిథియం అయాన్లు కోబాల్ట్ వైపు నుంచి గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి దూరతాయి, వాడితే వెనక్కి వస్తాయి. బ్యాటరీ సామర్థ్యం అంటే ఇలా అటూ ఇటూ తిరగగల లిథియం ఎంతుందన్నదే.

ఫ్యాక్టరీలో మొదటిసారి చార్జింగ్ పెట్టినప్పుడే ద్రవంలో కొంత భాగం విరిగి గ్రాఫైట్ మీద సన్నని పొరగా పేరుకుంటుంది. ఆ పొర అవసరమే, అది లేకపోతే ద్రవం విరుగుతూనే పోతుంది. ఇబ్బంది ఏమిటంటే పొర అక్కడితో ఆగదు, ఏళ్ల తరబడి మెల్లగా మందమవుతూ ఉంటుంది. మందమైన ప్రతిసారీ కొంత లిథియం అందులో చిక్కుకుపోయి తిరుగుడుకు దూరమవుతుంది. మనకు అది ‘మాగ్జిమమ్ కెపాసిటీ 91 శాతం’ అని కనిపిస్తుంది.

ఈ పొర పెరుగుదలను తొందరపెట్టేవాటిలో మొదటిది వేడి. రెండోది, నిండా చార్జింగ్‌తో ఎక్కువసేపు ఉండటం, ఎందుకంటే అప్పుడు వోల్టేజీ గరిష్ఠంగా ఉండి కోబాల్ట్ వైపు ద్రవాన్ని పాడుచేస్తుంది. రెండూ కలిస్తే ఏమవుతుందో బ్యాటరీ ఇంజినీరింగ్‌లో తరచూ చూపే ఒక పట్టిక చెబుతుంది. బ్యాటరీని వాడకుండా ఏడాదిపాటు పక్కన పెడితే, 25 డిగ్రీల్లో 40 శాతం చార్జింగ్‌తో ఉంచినదానికి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో నిండా ఉంచితే 80. 40 డిగ్రీల్లో 40 శాతంతో ఉంచితే 85. 40 డిగ్రీల్లో నిండా ఉంచితే 65. ఇప్పటి సెల్స్ వీటికన్నా మెరుగ్గా ఉండవచ్చు కానీ వరుస మారదు. ఒక్కసారి కూడా వాడని బ్యాటరీ మూడోవంతు పైగా అరిగిపోగలదన్నది గమనించాల్సిన సంగతి. సొరుగులో పడేసే పాత ఫోన్‌ను సగం చార్జింగ్‌తో, ఆపేసి పెట్టమనేది ఇందుకే.

చల్లదనం సంగతి వేరు. చలిలో చార్జింగ్ త్వరగా దిగినట్టు కనిపించినా వెచ్చబడగానే తిరిగొస్తుంది. కానీ సున్నా డిగ్రీల కింద చార్జింగ్ ఎక్కిస్తే లిథియం గ్రాఫైట్‌లోకి దూరలేక దాని పైనే లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగిరాదు. అందుకే అంత చలిలో చాలా ఫోన్లు చార్జింగ్ తీసుకోవు. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. చల్లదనం కంటే లోపల పట్టే చెమ్మే అక్కడ పెద్ద ప్రమాదం.

వారానికోసారి సున్నా దాకా దించి నిండా ఎక్కించాలన్న సలహా ఇంకా వినిపిస్తూనే ఉంది. అది, సగంలోనే పదేపదే ఎక్కిస్తే తక్కువ సామర్థ్యానికి అలవాటుపడిపోయే నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి ఆ జబ్బు లేదు. దీనికి పూర్తిగా దించడమే హాని.

సైకిల్ అంటే ఎన్నిసార్లు ప్లగ్ పెట్టామన్నది కాదు

ఈ రోజు 60 శాతం వాడి ఎక్కించారు, రేపు 40 శాతం వాడి ఎక్కించారు. రెండూ కలిపి ఒక సైకిల్. రోజుకు నాలుగుసార్లు కాస్త కాస్త ఎక్కించినా వాడింది 60 శాతమే అయితే లెక్క 0.6 సైకిలే.

ఐఫోన్ 14 వరకు బ్యాటరీలు 500 సైకిళ్లకు 80 శాతం నిలుపుకునేలా చేశామని, 15 నుంచి అది 1000 అని ఆపిల్ చెబుతోంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లు 800 సైకిళ్ల తర్వాత కనీసం 80 శాతం నిలుపుకోవాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. రోజుకు 60 శాతం వాడేవారికి 500 సైకిళ్లంటే 833 రోజులు, రెండేళ్ల మూడు నెలలు. 800 అంటే మూడేళ్ల ఎనిమిది నెలలు. ఆటలాడుతూ రోజుకు 120 శాతం వాడేవారికి ఆ 500 సైకిళ్లు 417 రోజుల్లోనే అయిపోతాయి. ఖర్చు, ఆయుష్షు అనే రెండు ప్రశ్నలూ కలిసేది ఇక్కడ: రోజు ఖర్చు తగ్గితే సైకిళ్లూ తగ్గుతాయి. అయితే ఈ అంకెలు ప్రయోగశాల పరిస్థితుల్లోవి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, మ్యాప్ నడుపుతూ, చార్జింగ్ కూడా ఎక్కించే ఫోన్‌కు ఇవి వర్తించవు. ఎండ, తెర, జీపీఎస్, చార్జర్ అనే నాలుగింటి వేడీ ఒకేచోట కలిసే సందర్భం అది.

80 శాతం దగ్గర ఆపాలా? ఇరువైపుల వాదన

నిండినప్పుడు సెల్ వోల్టేజీ 4.45 దగ్గరుంటే, 80 శాతం దగ్గర 4.1కీ 4.2కీ మధ్య ఉంటుంది. చూడటానికి చిన్న తేడా. అరుగుదల లెక్కలో ఇది పెద్దదే. అందుకే శాంసంగ్ ముందు 85 శాతం పరిమితిని, 2023లో ఐఫోన్ 15 వచ్చినప్పుడు ఆపిల్ 80 శాతం పరిమితిని సెట్టింగ్స్‌లో పెట్టాయి. తర్వాత ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18లో 80 నుంచి 100 దాకా అయిదు అయిదుగా ఎంచుకునే వీలు వచ్చింది.

వద్దనేవారి వాదన పదునైనది. రెండు మూడేళ్ల తర్వాత బ్యాటరీ ఎటూ 80 శాతానికి దిగుతుంది. ఆ లోటు తప్పించుకోవడానికి మొదటి రోజు నుంచే 80 శాతంతో బతకడం ఏమిటి? డబ్బు పోతుందేమోనని ఖర్చే పెట్టకుండా దాచినట్టు లేదా? బ్యాటరీ మార్చుకోదగ్గ వస్తువు, ఫోన్‌ను నిండా వాడుకుని తర్వాత మార్చుకుంటే సరిపోతుంది అంటారు వాళ్లు.

కావాలనేవారి జవాబు: మొదటి రోజు 80 ఎప్పుడైనా ఎత్తేయగల 80, ప్రయాణం రోజున నిండా ఎక్కించుకోవచ్చు. అరిగిపోయిన 80 తిరిగిరాదు. పైగా అరుగుదలతో సామర్థ్యం ఒక్కటే తగ్గదు, లోపలి నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, కూడా పెరుగుతుంది, దాని పర్యవసానం వేరే ఉంది.

ఇద్దరిలో ఎవరు సరైనవారో పైన వేసిన రోజు లెక్కే తేలుస్తుంది. రోజుకు 62 శాతం వాడేవారికి 80 శాతం పరిమితి వల్ల పోయేదేమీ లేదు, ఏడాదిన్నరకే ఫోన్ మార్చేవారైతే తప్ప పెట్టుకోవడమే మంచిది. రోజుకు 92 శాతం వాడేవారు 80 పెట్టుకుంటే మధ్యాహ్నం చార్జర్ వెతుక్కోవాలి. వారికి ఆ పరిమితి శిక్షే. మధ్యే మార్గం రాత్రి వేళ ఉంది. 2019లో ఐఓఎస్ 13తో వచ్చిన ఆప్టిమైజ్డ్ చార్జింగ్ లాంటివి 80 దగ్గర ఆగి, లేచే వేళకు మిగతాది ఎక్కిస్తాయి. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే పొంగిపోతుందన్న భయం అక్కర్లేదు, నిండగానే చిప్ ఆపేస్తుంది. అక్కడున్న నష్టమల్లా ఆరేడు గంటలు గరిష్ఠ వోల్టేజీతో ఉండటం, దిండు కింద పెడితే దానికి వేడి తోడవడం. పరిమితి పెట్టినా ఫోన్ అప్పుడప్పుడు 100 దాకా వెళ్తే కంగారు పడనక్కర్లేదు, శాతం లెక్క సరిచూసుకోవడానికి అలా చేస్తుంది.

ఫాస్ట్ చార్జింగ్ మీద నింద ఎంతవరకు న్యాయం

చార్జర్ మీద 100 వాట్లు అని ఉన్నా ఆ జోరు కొద్ది నిమిషాలే, అదీ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడే. వోల్టేజీ గరిష్ఠ స్థాయికి చేరాక దాన్ని అక్కడే నిలిపి కరెంటును తగ్గిస్తూ పోతారు. చివరి 20 శాతానికి పట్టే సమయం చూస్తే ఇది తెలిసిపోతుంది. ఖాళీ బస్సు ఎక్కడం తేలిక, నిండిన బస్సులో సీటు వెతుక్కోవాలి. అయాన్లకూ అంతే.

అసలు సమస్య వేడి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 0.05 ఓమ్‌ల నిరోధం ఉన్న సెల్‌లోకి 2 ఆంపియర్లు పంపితే 0.2 వాట్ల వేడి, 4 పంపితే 0.8. అందుకే బ్యాటరీని రెండు సెల్స్‌గా విడగొట్టి వరుసగా కలిపి, ఒక్కో సెల్ మీద కరెంటు తగ్గిస్తారు. వోల్టేజీ మార్చే పని చార్జర్‌లో చేయించి ఆ వేడిని ఫోన్ బయటే వదిలేసే పద్ధతులూ ఉన్నాయి. బాగా కట్టిన ఫోన్‌లో ఫాస్ట్ చార్జింగ్ వల్ల అదనపు అరుగుదల జనం భయపడేంత ఉండదు. దాన్ని ఎక్కిస్తూ ఆట ఆడితే మాత్రం రెండు వైపుల వేడీ కలుస్తుంది. కొన్ని గేమింగ్ ఫోన్లు ఆట సమయంలో బ్యాటరీని పక్కనపెట్టి చార్జర్ నుంచి నేరుగా నడిచే ఏర్పాటు చేసింది ఇందుకే. వైర్‌లెస్ చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి మంచిదనుకోవడం పొరపాటు. చార్జర్‌లోనూ ఫోన్‌లోనూ ఉండే తీగచుట్టలు (కాయిల్స్) సరిగ్గా ఎదురెదురుగా లేకపోతే పోయే శక్తంతా ఫోన్ వీపు మీదే వేడిగా తేలుతుంది.

15 శాతం చూపిస్తూనే ఆగిపోవడం

తెర మీది శాతం కొలిచింది కాదు, లెక్కగట్టింది. లోపలికి వెళ్లిన, బయటికొచ్చిన కరెంటును ఒక చిప్ కూడికలు తీసివేతలు చేస్తుంది, వోల్టేజీతో సరిచూస్తుంది. బ్యాటరీ పాతబడితే ఆ లెక్క తప్పుతుంది. దానికి మించిన కారణం ఇంకోటి ఉంది.

15 శాతం దగ్గర, ఊరికే ఉన్నప్పుడు సెల్ వోల్టేజీ 3.7 అనుకుందాం. 3.3 కిందికి దిగితే ఫోన్ ఆగిపోతుంది. కెమెరా తెరిచారు, ఒక్క క్షణం 6 వాట్లు కావాలి, అంటే దాదాపు 1.6 ఆంపియర్లు. కొత్త బ్యాటరీ నిరోధం 0.08 ఓమ్‌లైతే వోల్టేజీ 0.13 తగ్గి 3.57 దగ్గర నిలుస్తుంది, ఏమీ కాదు. పాతబడి నిరోధం 0.3 అయితే తగ్గేది 0.48, అంటే 3.22. ఫోన్ ఆరిపోయింది. చార్జింగ్ ఉంది, దాన్ని అంత వేగంగా ఇచ్చే సత్తువ లేదు. చలిలో నిరోధం ఇంకా పెరుగుతుంది, అందుకే ఈ ఆగిపోవడం చలికాలంలో ఎక్కువ.

దీన్ని తప్పించడానికే ఆపిల్ పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించింది, ముందుగా స్పష్టంగా చెప్పలేదు. 2017 డిసెంబరులో అది బయటపడి గొడవయ్యాక క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2018లో ఐఓఎస్ 11.3తో వచ్చిన బ్యాటరీ హెల్త్ పేజీ ఆ గొడవ ఫలితమే. ఇంజినీరింగ్‌గా ఆ నిర్ణయంలో తర్కం ఉంది, తప్పల్లా దాచడంలో ఉంది.

పెద్ద అంకెల వెనక సిలికాన్

అదే మందంలో 6000, 7000 ఎంఏహెచ్ ఎలా వస్తున్నాయన్నది ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. గ్రాఫైట్ ఒక గ్రాముకు 372 ఎంఏహెచ్ లిథియంను పట్టి ఉంచగలదు, సిలికాన్ దాదాపు 3600. కానీ లిథియం నిండితే సిలికాన్ మూడింతలకు పైగా ఉబ్బి పగుళ్లిస్తుంది. కార్బన్‌తో కలిపి ఆ ఉబ్బును అదుపులో పెట్టినదే సిలికాన్-కార్బన్ బ్యాటరీ. 2023లో ఆనర్ మ్యాజిక్ 5 ప్రో చైనా మోడల్‌తో ఫోన్లలోకి వచ్చింది. ట్యాంకు పెద్దదైతే అదే వాడకానికి రోజూ అయ్యే సైకిళ్లు తగ్గుతాయి, అది ఆయుష్షుకూ మంచిదే. వేడి, నిండు వోల్టేజీ విషయంలో మాత్రం పై లెక్కలేవీ మారవు.

మార్చాల్సిన వేళ

సామర్థ్యం 80 శాతానికి దిగడం అన్నది గోడ కాదు. రోజుకు 62 శాతం వాడేవారికి 80 శాతానికి దిగిన బ్యాటరీలో ఖర్చు 77 శాతమవుతుంది, ఇంకా నెట్టుకురావచ్చు. 92 శాతం వాడేవారికి అదే బ్యాటరీ రాత్రి దాకా రాదు. అకస్మాత్తుగా ఆగిపోవడం మొదలైతే శాతం ఎంత చూపినా మార్చడమే దారి.

ఉబ్బిన బ్యాటరీకి మాత్రం లెక్కలు లేవు. లోపల విరిగిన ద్రవం వాయువుగా మారి సంచిని ఉబ్బిస్తుంది. తెర ఒక అంచున పైకి లేవడం, వెనక మూత సందు ఇవ్వడం, బల్ల మీద పెడితే ఫోన్ గిర్రున తిరగడం దాని గుర్తులు. అలాంటిదాన్ని నొక్కి సర్దకూడదు, పొడవకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, ఆపేసి మండే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి. కొత్త బ్యాటరీ వేశాక కొన్ని రోజులు శాతం గెంతులేస్తే అది బ్యాటరీ లోపమనుకోనక్కర్లేదు. లెక్క చిప్ ఇంకా పాత బ్యాటరీ కొలతలతోనే ఉండొచ్చు. ఒకటి రెండుసార్లు 10 శాతం దగ్గరకు దించి నిండా ఎక్కిస్తే సాధారణంగా కుదురుకుంటుంది.